చేపకి బుర్ర ఉందని తెలిసిన అక్వేరియం షాపు – 4 స్టార్లు

జీబ్రా ఫిష్‌లు రెండు చాలన్నా అని అడిగితే ఇవ్వనన్నాడు ఓనరన్న. కనీసం ఆరుంటేనే తీస్కెళ్ళండి, లేదంటే వద్దని మొహం మీదే చెప్పేశాడు. కొంతమందికి ఇది ఎక్కువ అమ్ముకునే ట్రిక్కులా అనిపించొచ్చు గానీ కాదు, దీని వెనక గట్టి కారణముంది, ఈ రివ్యూ రాసేదే అది చెప్పడానికి.

చేపకి భయమేస్తే మెదడులో హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదుల్తుంది, దాంతో మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోన్ వదుల్తుంది, అది రక్తంలో కలిసి తల దగ్గరుండే కిడ్నీ భాగంలోని కణాలకి చేరితే అక్కణ్ణించి కార్టిసోల్ అనే స్ట్రెస్ హార్మోన్ వస్తుంది. మనకి అడ్రినల్ గ్రంథులు చేసే పనే ఇది, హార్మోన్ కూడా అదే. ఆ కార్టిసోలే మళ్ళీ మెదడుకెళ్ళి ఇంక చాలు ఆపు అని చెప్పాలి. ఆ సిగ్నల్ అందుకునే రిసెప్టర్ (కార్టిసోల్ వచ్చి అతుక్కునే ప్రొటీన్) పాడైన జీబ్రా ఫిష్‌ల మీద 2013లో ఒక పేపర్ వచ్చింది. వాటికి కార్టిసోల్ ఎప్పుడూ ఎక్కువే, ఒంటరిగా కొత్త ట్యాంకులో వేస్తే కదలకుండా ఉండిపోయేవి, డిప్రెషన్‌కిచ్చే ఫ్లూఆక్సెటీన్ నీళ్ళలో కలిపితే మామూలుగా ఈదాయి, ఇంకో చేప కంటికి కనపడినా చాలు తేరుకున్నాయి. పక్కన తోడుండటం వాటికి అంత అవసరమన్నమాట. అన్న ఆ పేపర్ చదివుండడు, కానీ ఏళ్ళ తరబడి చేపల్ని చూసి అదే తెలుసుకున్నాడు.

ఇక్కడ చేపని పట్టే పద్ధతి ఒకసారి నిలబడి చూడండి. నెట్టుతో ట్యాంకంతా తరమరు, ముందు లైటాపుతారు, పెద్ద నెట్టు ఒక మూల కదలకుండా పట్టుకుని చిన్న నెట్టుతో మెల్లగా అటు తోల్తారు, తర్వాత గాల్లోకి లేపకుండా నీళ్ళతో సహా డబ్బాలో ముంచి తీస్తారు, కవరుకి న్యూస్‌పేపర్ చుట్టి మరీ ఇస్తారు. జీబ్రా జాతి చేపల్లో ఒకదాని చర్మం గీసుకుపోతే చాలు, అందులోంచి ఒక కెమికల్ నీళ్ళలోకి వస్తుంది, ఆ వాసనకి మిగతావన్నీ బెదిరిపోయి దగ్గరకి చేరతాయి లేదా బిగుసుకుపోతాయి. వాటికి చుట్టాలైన మిన్నో అనే చిన్న చేపల్లో ఇది కార్ల్ వాన్ ఫ్రిష్ అనే సైంటిస్టు 1938లోనే రాశాడు. అంటే నెట్టుతో ఒక్కదాన్ని గాయపరిస్తే ట్యాంకు మొత్తానికి స్ట్రెస్సే.

ఇంకో షాపులో అడుగున కదలకుండా పడున్న చేపల్ని చూపించి ఎంత కూల్‌గా ఉన్నాయో చూడండి సార్ అన్నారు, నాకు కడుపు తరుక్కుపోయింది. అది కూల్ కాదండీ బాబూ. 2019లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు జీబ్రా ఫిష్ పిల్లల మీద చేసిన పనిలో ఇది తేలింది, ఆ పిల్లల ఒళ్ళు గాజులా లోపలంతా కనిపిస్తుంది కాబట్టి బతికుండగానే మెదడంతా మైక్రోస్కోప్‌లో చూడొచ్చు. తప్పించుకోలేని చిన్న షాకులిస్తే మొదట గిలగిలా ఈదాయి, తర్వాత మానేశాయి, ఆ మానేసే దశకి వెళ్ళేకొద్దీ మెదడులో హబెన్యులా అనే చిన్న భాగంలో న్యూరాన్లు (నరాల కణాలు) అంతకంతకూ ఎక్కువ యాక్టివ్ అయ్యాయి, అవి మూడ్‌ని నడిపే సెరోటోనిన్ అనే కెమికల్ వదిలే రాఫే అనే ఇంకో భాగంలోని న్యూరాన్లని అణిచేశాయి. ఆ హబెన్యులా న్యూరాన్లని ఆపేస్తే చేప ప్రయత్నం మానలేదు. అంటే కదలకపోవడం ప్రశాంతత అవ్వాలనేం లేదు, ఇంక లాభం లేదని మెదడు చేతులెత్తేసి ఉండొచ్చు. ఈ షాపులో అలా పడున్న చేప కనిపిస్తే వేరే ట్యాంకులో పెట్టి ముందు నీళ్ళు టెస్ట్ చేస్తారు, అమ్మరు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే రేట్లు కాస్త ఎక్కువ, మొక్కలు వడిలిపోయుంటాయి, పార్కింగ్ లేదు. ఆదివారం మాత్రం వెళ్ళకండి, పిల్లలు అద్దాల మీద కొడుతుంటే ఆపడానికే అన్నకి టైమంతా సరిపోతుంది. మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి, మీ ట్యాంకు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి, అది చూడనిదే చేప ఇవ్వడు.