పనిచేసే చోట ఏది మేలు: సొంత భాషా, ఉమ్మడి భాషా?

రకరకాల భాషల వాళ్లు ఒకే టీంలో పనిచేయడం ఇప్పుడు మామూలు విషయం. అలాంటి చోట ఒక ప్రశ్న రోజూ ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. పక్క సీటులో మన భాష మనిషే ఉన్నప్పుడు మన భాషలో మాట్లాడుకోవచ్చా? లేక అందరికీ తెలిసిన భాషలోనే మాట్లాడాలా? దీన్ని మర్యాద విషయంగా చూసేవాళ్లు కొందరు, భాషాభిమానం విషయంగా చూసేవాళ్లు కొందరు. రెండూ ఉన్నాయి, కాదనను. కానీ నేను ముందు చూసేది వేరు. వినాల్సిన వాళ్లందరికీ ఆ మాట అందుతోందా, చెప్పాల్సిన వాళ్లందరూ చెప్పగలుగుతున్నారా అన్నది. ఉమ్మడి భాష మొదటి పనిని బాగా చేస్తుంది, సొంత భాష రెండో పనిని బాగా చేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

చెవిన పడే మాట విలువ

మనతో నేరుగా మాట్లాడని మనిషి మాట కూడా మనకు అర్థం కావడం ఉమ్మడి భాషకున్న అసలు బలం. అవతలి టేబుల్ దగ్గర ఇద్దరు "ఈ సర్వర్‌ని రాత్రికి ఆపేద్దాం" అనుకుంటుంటే, మూడో మనిషి విని "ఆగండాగండి, మా రిపోర్ట్ ఇంకా నడుస్తోంది" అని అడ్డుపడతాడు. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు, చెవిన పడింది. ఆ ఇద్దరూ తమ భాషలో మాట్లాడుకుని ఉంటే ఎదురుగానే ఉన్నా అతనికి తెలిసేది కాదు.

విమానాల రంగంలో ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. ఒకే రేడియో ఫ్రీక్వెన్సీలో ఉన్న పైలట్లందరూ, నేల మీద నుంచి విమానాలను నడిపించే కంట్రోలర్ ఎవరితో మాట్లాడినా వింటుంటారు. 2000 మే 25 రాత్రి పారిస్‌లోని చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో ఎండీ-83 అనే పెద్ద ఫ్రెంచి ప్రయాణికుల విమానానికి టేకాఫ్ అనుమతి ఫ్రెంచిలో ఇచ్చారు. అదే రన్‌వే మీదికి పక్కదారి నుంచి రావాల్సిన షార్ట్స్ 330 కార్గో విమానంతో ఇంగ్లిష్‌లో మాట్లాడారు. కార్గో విమానం రన్‌వే మొదట్లో, పెద్ద విమానం వెనకాలే ఉందని కంట్రోలర్ అనుకున్నారు. కార్గో విమానంలో ఉన్నవాళ్లకు ఫ్రెంచి అర్థం కాలేదు కాబట్టి, పెద్ద విమానం పరుగు మొదలుపెట్టిందని తెలియలేదు. వాళ్లు రన్‌వే మీదికి వచ్చేశారు. ఎండీ-83 రెక్క వాళ్ల కాక్‌పిట్‌ను కోసేసింది. కో పైలట్ చనిపోయారు. రెండు భాషలు వాడటం కూడా ప్రమాదానికి ఒక కారణమని దర్యాప్తు తేల్చింది. టేకాఫ్ అనుమతి ఇంగ్లిష్‌లో ఇచ్చి ఉంటే "మేం ఇక్కడ ఉన్నాం" అనే అవకాశమైనా వాళ్లకు ఉండేది.

దీన్నిబట్టి ఒకే భాష పెడితే సరిపోతుంది అనుకోవడం తొందరపాటు. 1976లో కెనడాలో సరిగ్గా ఇదే వాదనతో పైలట్లు, కంట్రోలర్లు సమ్మె చేశారు. ఫ్రెంచి మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉండే క్యుబెక్ రాష్ట్ర గగనతలంలో ఫ్రెంచి వాడనిస్తే ప్రమాదాలు జరుగుతాయన్నది వాళ్ల భయం. అక్కడ పుట్టి పెరిగిన ఫ్రెంచి పైలట్లు, కంట్రోలర్లు తమలో తాము కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకోవాల్సి వస్తున్న రోజులవి. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. తగిన పద్ధతులు పాటిస్తే రెండు భాషలతో నడపడం వల్ల భద్రతకు ముప్పు లేదని ఆ సంఘం 1979లో చెప్పింది. అంటే ఎన్ని భాషలు వాడుతున్నారన్న లెక్క ఒక్కటే సరిపోదు. ఆ క్షణంలో ఆ మాట ఎవరెవరికి తెలియాలో ముందే ఆలోచించి పెట్టుకున్నారా లేదా అన్నది చూడాలి.

సముద్రం మీద ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకున్నారు. 1990 ఏప్రిల్‌లో స్కాండినేవియన్ స్టార్ అనే ప్రయాణికుల ఓడ తగలబడి 159 మంది చనిపోయారు. సిబ్బంది రకరకాల దేశాల వాళ్లు. చాలామందికి తోటి సిబ్బందితోనూ ప్రయాణికులతోనూ మాట్లాడటానికి సరైన భాషే లేదు. ఇప్పుడు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ప్రతి ఓడకీ ఒక 'పని భాష' నిర్ణయించి లాగ్‌బుక్‌లో రాయాలి. ఆ భాష ఫలానాదే కావాలని నిబంధన లేదు. అందరికీ ఆజ్ఞలు అర్థం కావాలి, అంతే. నాకు బాగా నచ్చిన నిబంధన ఇది. పెద్ద భాషను నెత్తిన రుద్దకుండా, ఉన్న మనుషులను చూసి ఎంచుకోమంటోంది.

"ఓకే" వెనక మిగిలిపోయిన మాట

ఇక రెండో వైపు. ఇక్కడ జరిగే నష్టం ఏ దర్యాప్తులోనూ కనిపించదు. అందుకే నేను దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఒక మీటింగ్ ఊహించుకోండి. పని రెండు వారాల్లో అయిపోవాలని మేనేజర్ అంటాడు. టేబుల్ చివర కూర్చున్న అమ్మాయికి అది కుదరదని తెలుసు. ఎందుకు కుదరదో కూడా తెలుసు. పాత డేటా శుభ్రం కాకుండా కొత్తది ఎక్కించకూడదు, శుభ్రం చేసే మనిషి వచ్చే వారం సెలవు, అతను లేకుండా చేస్తే లెక్కలు తప్పుతాయి. మూడు సంగతులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. సొంత భాషలో అయితే ఒక్క ఊపులో చెప్పేస్తుంది. ఇక్కడ మొదటి వాక్యం మనసులో కూడబలుక్కునే లోపు మాట తర్వాతి అంశానికి వెళ్లిపోయింది. "ఎనీ ఇష్యూస్?" అని అడుగుతారు. ఆమె "ఓకే" అంటుంది. ఆ "ఓకే" మీటింగ్ మినిట్స్‌లో ఒప్పుకోలుగా ఎక్కుతుంది. బయటికొచ్చాక తన భాష వాడైన ఇంకో ఉద్యోగితో అర నిమిషంలో మొత్తం చెప్పేస్తుంది, "ఇది అయ్యే పని కాదన్నా" అని. వినాల్సిన చోట మాట లేదు, మాట ఉన్న చోట నిర్ణయం తీసుకునేవాళ్లు లేరు.

రెండో భాషలో మనిషి తను చెప్పాలనుకున్నది చెప్పడు, చెప్పగలిగింది చెప్తాడు. రోజువారీ పనికి ఆ తేడా పెద్దగా అడ్డురాదు, ఎందుకంటే అక్కడ మాటలు ఇంచుమించు అవే తిరుగుతుంటాయి. అనుకోనిది జరిగినప్పుడే అసలు పరీక్ష. అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్లకు, వాళ్లతో మాట్లాడే కంట్రోలర్లకు భాషా సామర్థ్యం కనీసం నాలుగో స్థాయిలో ఉండాలని 2008 నుంచి అంతర్జాతీయ నియమం ఉంది. కంఠతా వచ్చిన రేడియో వాక్యాలు మామూలు రోజులకు సరిపోతాయి గానీ, ఊహించని ఇబ్బంది వస్తే సొంత మాటల్లో వివరించగలగాలి. ఆ నియమం వెనకున్న ఆలోచన అదే. ఆఫీసు చాట్‌లో చకచకా జవాబులిచ్చే మనిషి, గొడవ వచ్చినప్పుడు తన పక్షం చెప్పుకోలేక నలిగిపోవడం కూడా ఇలాంటిదే.

మనిషి అలసిపోయి ఉన్నా, చుట్టూ మెషీన్ల చప్పుడు ఉన్నా, ఫోన్ లైన్ గరగరమంటున్నా రెండో భాష అర్థం కావడం మరింత కష్టమవుతుంది. సొంత భాషలో సగం వినిపిస్తే మిగతా సగం మనసే పూరించుకుంటుంది. ఫ్యాక్టరీల్లో, హాస్పిటళ్లలో నైట్ షిఫ్ట్‌ల గురించి ఆలోచించేవాళ్లు ఈ ఒక్క సంగతైనా గుర్తుపెట్టుకోవాలి.

రాతపనిలోనూ ఇంతే. ఫ్రాన్స్‌లోని ఎపినాల్ పట్టణంలో ఒక హాస్పిటల్‌లో 2004, 2005 సంవత్సరాల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులు 20 మందికి పైగా మోతాదుకు మించిన రేడియేషన్ పాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. అక్కడి సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్‌లో ఉంది, ఫ్రెంచి మాన్యువల్ లేదు. భాష ఒక్కటే కారణం అనలేం. ట్రైనింగ్ సరిపోలేదు, డోసు సరిచూసుకునే ఏర్పాటూ సరిగ్గా లేదు. అయినా స్క్రీన్ మీద ఉన్నదాన్ని సందేహం లేకుండా చదువుకోగలిగే హక్కు ఆ మెషీన్ నడిపేవాళ్లకు ఉండాల్సింది.

రెండో భాషకూ ఒక మేలు ఉంది, దాన్నీ చెప్పాలి. 2012లో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు ఒక సంగతి గమనించారు. ఒకే విషయాన్ని లాభంగా చెప్తే ఒకలా, నష్టంగా చెప్తే ఇంకోలా నిర్ణయించుకునే అలవాటు మనుషులకుంది. పరాయి భాషలో ఆలోచించినప్పుడు ఆ ఊగిసలాట తగ్గింది. పరాయి మాట గుండెకు అంతగా తగలదు, అందుకే బుర్ర కాస్త నిదానంగా తూకం వేస్తుందని ఒక వివరణ. డబ్బు లెక్కల దగ్గర, ఇద్దరూ కోపం మీద ఉన్నప్పుడు మెయిల్ రాయాల్సి వస్తే ఇది పనికొస్తుంది. కానీ దీన్ని చూపించి అందరినీ అన్ని వేళలా పరాయి భాషలోకి నెట్టడం సరికాదు.

ఆజ్ఞ వేస్తే ఏమవుతుంది

జపాన్‌లో రకుటెన్ కంపెనీ 2010లో ఇంగ్లిష్‌ను తన అధికార భాషగా ప్రకటించి, 2012 నాటికి ఉద్యోగులంతా మారాలని గడువు పెట్టింది. లిఫ్టుల్లో బోర్డులు, క్యాంటీన్ మెనూలు కూడా మారిపోయాయి. బయటి దేశాల్లోకి విస్తరించే కంపెనీకి అది పనికొచ్చే అడుగే. అయితే మొదట్లో నేర్చుకునే బాధ్యతంతా ఉద్యోగుల మీదే వదిలేశారు. అది నడవదని తేలాక కంపెనీయే క్లాసులు, చదువుకునే టైమ్ ఇవ్వాల్సి వచ్చింది. పదిహేనేళ్లు కష్టపడి పనిమంతుడనిపించుకున్నవాడికి ఒక్కసారిగా నోట మాట రాకపోతే ఎంత టెన్షన్ పడతాడో పైనుంచి ఆజ్ఞ వేసేవాళ్లు ఒక్క రోజు ఊహించుకుంటే చాలు.

టీ టైమ్‌లో, లంచ్‌లో కూడా ఉమ్మడి భాషే మాట్లాడాలనే రూల్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: వద్దు. అమెరికాలో ఉద్యోగ సమానత్వాన్ని చూసే ఫెడరల్ సంస్థ కూడా, పని అవసరం ఉన్న చోట, ఆ వేళకు మాత్రమే 'ఇంగ్లిష్ మాత్రమే' అనే రూల్ చెల్లుతుందని, రోజంతా పెడితే అది వివక్షగానే భావించాల్సి వస్తుందని 1980లో మార్గదర్శకం పెట్టింది. అయితే 1993లో ఒక అప్పీలు కోర్టు స్పన్ స్టీక్ అనే కంపెనీ కేసులో ఆ మార్గదర్శకాన్ని ఒప్పుకోలేదు. కోర్టులే ఒక మాట మీద లేవు. నన్నడిగితే, ఎనిమిది గంటలు పరాయి భాషలో నెగ్గుకొచ్చిన మనిషికి పది నిమిషాలు తన భాషలో మాట్లాడుకోవడం విశ్రాంతి. దాన్ని లాక్కోవడానికి కారణం ఉండాలి.

మూడో మనిషి వచ్చి కూర్చుంటే మాత్రం భాష మార్చాల్సిందే. రోజూ అదే టేబుల్ దగ్గర, నలుగురి నవ్వుల మధ్య ఏమీ అర్థం కాక కూర్చునేవాడికి తన గురించే మాట్లాడుకుంటున్నారేమో అనిపించడం సహజం. "మేం వేరే ఏదో మాట్లాడుకుంటున్నాం" అంటే ఆ మనసుకు సరిపోదు.

మూడో దారి కూడా ఉంది

1975 జులైలో అమెరికా, సోవియట్ వ్యోమనౌకలు అంతరిక్షంలో కలిసినప్పుడు ఏ భాష వాడాలన్న ప్రశ్న వచ్చింది. వాళ్లు ఎంచుకున్న పద్ధతి తమాషాగా ఉంటుంది. అమెరికన్లు రష్యన్‌లో మాట్లాడారు, రష్యన్లు ఇంగ్లిష్‌లో మాట్లాడారు. పరాయి భాష మాట్లాడేవాడు నిదానంగా, తేలిక మాటల్లో మాట్లాడతాడు. వినేవాడు తన భాషే వింటున్నాడు కాబట్టి తప్పులున్నా అర్థం చేసుకుంటాడు. పైగా ఇబ్బంది ఇద్దరికీ సమానం. డెన్మార్క్, నార్వే, స్వీడన్ వాళ్లు కలిసినప్పుడు తరచూ ఇంకోలా చేస్తారు. ఎవరి భాష వాళ్లు మాట్లాడతారు, అవతలివాళ్లది అర్థం చేసుకుంటారు. దగ్గరి భాషలు కాబట్టి అది కుదురుతుంది, అందరికీ కుదరదు.

ఈ రెండింట్లోనూ భారం ఒక్కవైపే పడలేదు. మామూలు ఆఫీసుల్లో కనిపించనిది అదే. ఉమ్మడి భాష ఎవరికి పుట్టుకతో వచ్చిందో వాళ్లు హాయిగా, వేగంగా, నానుడులతో సహా మాట్లాడేస్తుంటారు. మిగతావాళ్లు పరుగెత్తి అందుకోవాలి.

నా తీర్పు

ఆజ్ఞలు, హెచ్చరికలు, షిఫ్ట్ మారేటప్పుడు అప్పగింతలు, నిర్ణయాలు, రాసిపెట్టే ప్రతిదీ ఉమ్మడి భాషలోనే ఉండాలి. ఇక్కడ రాజీ పడొద్దు. గ్రూప్ చాట్ కూడా అంతే. ఇద్దరు తమ భాషలో తేల్చుకున్న సంగతిని రెండు లైన్లలో అక్కడ పెట్టకపోతే అది మిగతావాళ్లకు దాచినట్టే.

కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం, ఒక చిక్కు సమస్యను ఇద్దరు కూర్చుని విప్పడం, జీతం గురించో వేధింపు గురించో ఫిర్యాదు చెప్పుకోవడం, మెషీన్ భద్రతా సూచనలు చదువుకోవడం, వీటికి వీలున్నంత వరకు సొంత భాషే మేలు. ముఖ్యంగా ఫిర్యాదు. బాధ చెప్పుకునే మనిషిని వ్యాకరణం దగ్గర ఆపేస్తే సగం ఫిర్యాదులు పుట్టకముందే పోతాయి.

మీటింగ్‌లో రెండూ కలవాలి. ఏం మాట్లాడబోతున్నారో ముందురోజే రాసి పంపితే, ఆ టేబుల్ చివరి అమ్మాయి తన మూడు కారణాలూ కూడబలుక్కుని వస్తుంది. మధ్యలో "రెండు నిమిషాలు మీ భాషలో మాట్లాడుకుని చెప్పండి" అనడంలో తప్పేమీ లేదు. ఇద్దరూ మాట్లాడుకుని, బాగా మాట్లాడగలిగినవాళ్లు అందరికీ చెప్తారు. "ఓకేనా?" అని అడక్కుండా "దీనివల్ల మీ పనిలో ఏం మారుతుంది?" అని అడిగితే, ఒప్పుకున్నారో ఊరుకున్నారో తెలిసిపోతుంది. ఉమ్మడి భాష పుట్టుకతో వచ్చినవాళ్లు వేగం తగ్గించి, మాటకు మాటకు మధ్య కాస్త ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోనే అవతలివాళ్లు నోరు విప్పగలరు.

చివరగా, ఏడాదికోసారి పనితీరుకు మార్కులు వేసేటప్పుడు 'కమ్యూనికేషన్' అనే గడి ఒకటి ఉంటుంది. అక్కడ గడగడా మాట్లాడేవాళ్లకు ఎక్కువ, తడబడేవాళ్లకు తక్కువ పడిపోతుంటాయి. ఆ గడిని రెండుగా విడగొట్టాలి. భాష ఎంత బాగా వచ్చు అన్నది ఒకటి, చెప్పాల్సిన సంగతి చెప్పాల్సినవాళ్లకు సమయానికి చేర్చారా అన్నది ఇంకొకటి. ప్రమోషన్ ఇచ్చేటప్పుడు రెండోదాన్నే ముందు చూడాలి.