నల్లకోటా, క్లాస్‌రూమా, సర్పంచ్ కుర్చీనా: ఏది మేలు?

పదిమందినీ ముందుకు నడిపించాలనే తపన ఉన్న అమ్మాయి లా చదవాలా, యూనివర్సిటీలో స్థిరపడాలా, నేరుగా రాజకీయాల్లోకి దిగాలా? నన్నడిగితే ముందు లా పట్టా చేతికి రావాలి.

తొందరగా పదవి దొరికేది రాజకీయంలోనే. 21 ఏళ్లకే సర్పంచ్‌గా, 25 ఏళ్లకు ఎమ్మెల్యేగా పోటీ చేయొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో మహిళలకు సగం సీట్లున్నాయి. అయినా కుర్చీ ఆమెది, పెత్తనం భర్తది అయిన పంచాయతీలు ఇంకా ఉన్నాయి. గ్రామసభలో మాట్లాడేది ఆయన, రిజిస్టర్‌లో సంతకం ఆమెది. ఇది చూస్తే నాకు కడుపు మండుతుంది. రిజర్వేషన్ మారితే ఆ సీటూ ఉండదు. చట్టసభల్లో మూడో వంతు సీట్ల కోసం 2023లో రాజ్యాంగ సవరణ చేశారు గానీ, జనగణన, డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) అయ్యాకే అమలని అందులోనే రాశారు.

అధ్యాపక వృత్తిలో గౌరవం ఉంది, పర్మనెంట్ పోస్టు దొరికితే నెలనెలా జీతానికి ఢోకా లేదు. కానీ పైకి ఎదగడానికి చాలా కాలం పడుతుంది. యూనివర్సిటీల ప్రమాణాలు నిర్ణయించే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వైస్ చాన్సలర్ కావాలంటే ప్రొఫెసర్‌గా గానీ, పేరున్న పరిశోధన లేదా విద్యా పాలన సంస్థలో గానీ పదేళ్ల అనుభవం ఉండాలి. పరిశోధన మీద ఇష్టం ఉన్నవాళ్లకే ఈ దారి.

లాయర్‌కు మొదటి ఏళ్లు గడ్డుకాలం. సీనియర్ ఇచ్చేది ఒక్కోసారి బస్సు ఖర్చులకే సరిపోదు. ఫైళ్లు మోస్తూ, వాయిదాలు అడుగుతూ నిలబడాలి. ఆ నిలబడటంలోనే జడ్జి ముందు బెరుకు లేకుండా మాట్లాడటం, ఏ కాగితం దగ్గర పని ఆగిందో పసిగట్టడం అలవడతాయి.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌నే చూడండి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లొచ్చాక చదువు కొనసాగించి, 1942లో లా పట్టా పుచ్చుకుని మద్రాసులో ప్రాక్టీస్ చేశారు. రాజ్యాంగ సభలో రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 నుంచి 30కి తగ్గించాలని సవరణ పెట్టి నెగ్గించుకున్నారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయినా ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి చైర్‌పర్సన్ అయ్యారు. కుటుంబ తగాదాలకు విడిగా కోర్టులు కావాలని అప్పుడే పట్టుబట్టారు. ఆ చట్టం 1984లో వచ్చింది, ఆమె పోయిన మూడేళ్లకు. ఓటమితో ఆగిపోకుండా ఆమెను నడిపించినవాటిలో ఆ లా చదువూ ఉందని నా నమ్మకం.

ఊళ్లో జనం తోడుండి, సీటు ఇప్పుడే వస్తుంటే మాత్రం వదులుకోవద్దు. డిగ్రీ ఉంటే లా ప్రవేశ పరీక్ష లాసెట్ తర్వాతైనా రాయొచ్చు, మూడేళ్ల కోర్సు. ప్రాక్టీస్ మొదలుపెట్టేవాళ్లు మొదటి రెండేళ్ల ఖర్చుల గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.