అంబాసిడర్ ఇంజను భాగాలకు క్రోమ్ వేయించబోయే తిరుపతి, చిత్తూరు వాసులకు హెచ్చరిక

బానెట్ ఎత్తగానే పాత కారు ఇంజను తళతళలాడాలని ముచ్చటపడి, విడిభాగాలు ఊడదీసి ప్లేటింగ్‌కు పంపే ఆలోచనలో ఉన్నవారు దయచేసి ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. తిరుపతి శివార్లలోని ఒక దుకాణం మా అంబాసిడర్ భాగాలకు చేసిన పని చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. పూత నాసిరకమైతే ఊడిపోతుంది, డబ్బు పోతుంది. అంతవరకైతే ఎలాగో సర్దుకోవచ్చు. పూత కింద ఉన్న అసలు భాగమే చెడిపోతే దాన్ని ఎక్కడి నుంచి తెస్తాం? ఉత్తరపాడ ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మంచి స్థితిలో ఉన్న ఒక్కో భాగం కోసం చెన్నై పుదుపేటలో దుకాణం తర్వాత దుకాణం తిరగాలి.

మేం ఇచ్చినవి ఇవి: టాపెట్ కవర్ (ఇంజను పైన వాల్వులను కప్పే మూత), ఎయిర్ ఫిల్టర్ మూత, ఫ్యాన్, కార్బురేటర్ పైభాగం, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజను నుంచి వేడి పొగ బయటకు పోయే గొట్టం), కొన్ని నట్లు, బోల్టులు. రేడియేటర్ మూత మాత్రం పాతది వద్దని, మెరిసే కొత్తది వాళ్లే అమ్మారు. అంతా కలిపి 18,000 రూపాయలు. “మూడు పొరల క్రోమ్ సార్, ఐదేళ్లు చెక్కు చెదరదు” అని యజమాని నోటిమాటగా హామీ ఇచ్చారు. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద మొత్తం రాసి సంతకం పెట్టారు.

ఇంటికి వచ్చినప్పుడు ఆ భాగాలు అద్దాల్లా ఉన్న మాట నిజం. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక ఎయిర్ ఫిల్టర్ మూత అంచుల్లో పొక్కులు లేచాయి. గోటితో గీకితే పూత రేకులు రేకులుగా వచ్చింది, కింద ఎర్రటి తుప్పు కనిపించింది. అదే దుకాణానికి తీసుకెళ్తే “పాత ఇనుము సార్, పూత అంతకన్నా నిలవదు” అన్నారు. ఇది అబద్ధం. అందుకే ఆ పని అసలు ఎలా జరగాలో కాస్త వివరంగా చెబుతాను.

క్రోమ్ అని మనం పిలిచే మెరుపులో క్రోమియం పొర చాలా పలుచన. సాధారణంగా అర మైక్రాను కూడా ఉండదు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నీటిని, గాలిని ఇనుము దాకా పోనివ్వకుండా కాపాడేది దాని కింద ఉండే నికెల్ పొర. ఆ నికెల్ కింద రాగి వేస్తే ఉపరితలం నునుపవుతుంది. బయట వాడే ఇనుప భాగాలకు నికెల్ సుమారు 20 నుంచి 30 మైక్రాన్ల మందం ఉండాలి. దీనికి ఐఎస్‌ఓ 1456 అనే ప్రమాణం ఉంది. నికెల్ ఖరీదైన లోహం కాబట్టి దొంగ పని ఎప్పుడూ అక్కడే జరుగుతుంది. తొట్టిలో ఉంచే సమయం తగ్గిస్తే నికెల్ పలుచబడుతుంది, కానీ పైకి మెరుపు ఏమాత్రం తగ్గదు. భాగాన్ని చేతికి తీసుకున్న రోజు ఎంత తిప్పి చూసినా తేడా తెలియదు. తెలిసేది వానాకాలంలోనే.

ఇక అసలు నష్టం. కొండదారి ఎక్కి దిగుదామని పీలేరు వైపు బయలుదేరితే భాకరాపేట కనుమలో కారు లోపల నూనె కాలిన వాసన నిండింది. బానెట్ సందుల నుంచి పొగ వచ్చింది. మా అంబాసిడర్‌లో ఉన్న బీఎంసీ బి-సిరీస్ ఇంజనులో కార్బురేటరూ ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఒకే వైపు ఉంటాయి. టాపెట్ కవర్ కారితే ఆ నూనె మానిఫోల్డ్ మీదికే చేరుతుంది. మా మెకానిక్ పెద్దాయన కవర్ విప్పి గాజు పలక మీద బోర్లించి చూపించారు. ప్లేటింగ్‌కు ముందు నునుపు చేసే బఫింగ్ చక్రం కవర్ అంచులను ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ అరగదీసింది. కొత్త కార్క్ ప్యాకింగ్ వేసినా పలకకూ కవరుకూ మధ్య వెలుతురు కనబడుతుంటే నూనె ఆగుతుందా?

కవర్ లోపలి మూలల్లో ఇంకొకటి దొరికింది. బఫింగ్‌కు వాడే మసాలా గట్టిపడి ఉంది. అది జిడ్డు కలిపిన రాపిడి పొడి. అక్కడి నుంచి నూనెలో కలిస్తే వాల్వులను కదిపే రాకర్ షాఫ్టుకూ బేరింగులకూ చేరుతుంది. ఎవరైనా సరే, ప్లేటింగ్ చేయించిన కవర్‌ను లోపలి వైపు కిరోసిన్‌తో, బ్రష్షుతో కడగకుండా బిగించవద్దు. లోపల అడ్డురేకు ఉంటే దాని వెనుక భాగాన్ని ప్రత్యేకంగా చూడండి.

నన్ను నిజంగా భయపెట్టింది కార్బురేటర్. చాలా కార్బురేటర్ల పైభాగం జింకు మిశ్రమంతో పోత పోస్తారు. తుప్పు వదిలించే యాసిడ్‌లో ఇనుమును ముంచినట్టు దాన్ని ముంచితే జింకు కరిగిపోతుంది. జింకుకు ప్లేటింగ్ చేసే పద్ధతి వేరు, ముందుగా ప్రత్యేకమైన రాగి పొర పడాలి. మాది చూస్తే అతుకు అంచు గుంటలు పడి ఉంది, పెట్రోలు వెళ్లే సన్నని దారుల నోళ్లు తినేసి ఉన్నాయి. బిగించి ఇంజను నడిపితే అతుకు దగ్గర తడి కనిపించింది. కింద ఉన్నది కాగుతున్న మానిఫోల్డ్. పెద్దాయన వెంటనే ఇంజను ఆపి, బ్యాటరీ వైరు తీసేశారు. కొన్నాళ్లు ఎవరూ గమనించకుండా నడిపి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే మనసు రావడం లేదు.

ఫ్యాన్‌ను ఆయన బిగించనే లేదు. రెక్కలను బఫింగ్ చేసినప్పుడు ఒక్కో రెక్క ఒక్కో మందానికి అరిగి సమతూకం తప్పింది. ఇంజను వేగంతో తిరిగే రెక్క విరిగితే రేడియేటర్‌ను చీల్చుతుంది, బానెట్ ఎత్తి చూస్తున్న మనిషికి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. బోల్టుల సంగతీ అంతే. గట్టి ఉక్కుకు యాసిడ్ కడుగుడు, ప్లేటింగ్ జరిగేటప్పుడు హైడ్రోజన్ లోహంలోకి చేరి దాన్ని పెళుసుగా మారుస్తుంది. ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే సుమారు 200 డిగ్రీల వేడిలో గంటల తరబడి కాల్చితేనే ఆ హైడ్రోజన్ బయటకు పోతుంది. ఆ కొలిమి ఉందా అని అడిగితే ఆ దుకాణంలో నా వైపు వింతగా చూశారు. హెడ్ స్టడ్లు (ఇంజను పైభాగాన్ని బిగించి ఉంచేవి), స్టీరింగ్, బ్రేకు, సస్పెన్షన్ బోల్టులు ఎంత నమ్మకమైన చోటయినా మెరుపు కోసం ఇవ్వవద్దు.

మానిఫోల్డ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పోత ఇనుము మీద ఆ వేడికి క్రోమ్ ముందు పసుపు, తర్వాత నీలం తిరిగి, చివరికి పెచ్చులూడింది. దానికి వేడిని తట్టుకునే పెయింటో, సిరామిక్ పూతో వేయించుకోవాలి. రేడియేటర్ మూత మీద ఒత్తిడి అంకె ఎక్కడా లేదు, స్ప్రింగు వదులు. ఒత్తిడి చదరపు అంగుళానికి ఒక పౌండు పెరిగితే నీరు మరిగే స్థాయి సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. మూత ఆ ఒత్తిడిని నిలపలేకపోతే మే నెల ఎండలో నీరు తొందరగా మరుగుతుంది. అవసరానికి మించిన ఒత్తిడి మూతయితే పాత రేడియేటర్ అతుకులు విడిపోతాయి. కంపెనీ చెప్పిన అంకె ఉన్న మూతే కొనండి, అది మెరవకపోయినా పరవాలేదు.

ఆ దుకాణం వెనుక తొట్ల దగ్గర కుర్రాళ్లు చేతి తొడుగులు లేకుండా పనిచేయడం చూశాను. క్రోమ్ తొట్టిలో వాడే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే రాణిపేటలో మూతపడిన క్రోమేట్ కర్మాగారం వదిలిన వ్యర్థాలు భూగర్భ జలాన్ని ఎలా పాడుచేశాయో ఈ ప్రాంతంలో చాలామందికి తెలుసు. వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఏర్పాటు లేని చోట చౌకగా పని జరుగుతుందంటే ఆ ధర ఇంకెవరో చెల్లిస్తున్నారు.

మెరుపు వద్దని నేను అనడం లేదు. ఆ ముచ్చట నాకూ ఉంది, ఇప్పటికీ ఉంది. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజనుది ఎంజీఏ, ఎంజీబీ స్పోర్ట్స్ కార్ల ఇంజను కుటుంబమే. ఆ కార్ల కోసం పాలిష్ చేసిన అల్యూమినియం టాపెట్ కవర్లు విదేశాల్లో ఇప్పటికీ తయారవుతున్నాయి. కొలత, స్టడ్ల స్థానం సరిచూసుకుని అలాంటిది తెప్పించుకుంటే మన అసలు కవర్ భద్రంగా అటక మీద ఉంటుంది. అల్యూమినియానికి, స్టెయిన్‌లెస్ స్టీలుకు క్రోమ్ అవసరమే లేదు, చేతితో పాలిష్ పట్టినా చాలు. ఇనుప భాగమే ఇవ్వాలనుకుంటే ఎయిర్ ఫిల్టర్ మూత, బ్యాటరీ బిగించే పట్టీ వంటివి ఇవ్వండి. అవి చెడినా కారు ఆగదు, ఎవరికీ దెబ్బ తగలదు.

ఇచ్చే ముందు ప్రతి భాగాన్ని అన్ని వైపులా ఫొటో తీయండి. ప్యాకింగ్ కూర్చునే అంచులకు బఫింగ్ చక్రం తగలకూడదని ముందే చెప్పండి. రాగి, నికెల్, క్రోమ్ అని పొరల పేర్లు, నికెల్ మందం ఎన్ని మైక్రాన్లో జీఎస్టీ బిల్లు మీద రాయమనండి. రాయడానికి వెనకాడే చోటు నుంచి భాగాలు తీసుకుని వచ్చేయండి. మాకు దక్కిన చీటీ మీద ఏ భాగాలు ఇచ్చామో కూడా లేదు, ఇప్పుడు ఫిర్యాదులో అదే పెద్ద అడ్డంకిగా మారింది. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపయితే అక్కడ రుసుము లేదు, రెండేళ్లలోపు వేయాలి.

ఇలాంటి భాగాలు ఇప్పటికే బిగించుకుని తిరుగుతున్నవారు కారు మళ్లీ తీసే ముందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు కార్బురేటర్ అతుకు చుట్టూ తెల్ల కాగితం ఒత్తి చూడండి. పెట్రోలు తడి కనబడితే ఇంజను స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.