మిరప నారు నర్సరీ: కొత్త రైతుకు పనికొస్తుందా?

ఉద్యోగం మానకుండానే రెండెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేస్తానని పట్టుపట్టిన మా తమ్ముడి కోసం ఈసారి గుంటూరు శివారులోని ఒక షేడ్‌నెట్ (నీడనిచ్చే వల కింద నారు పెంచే) నర్సరీలో నారు కొన్నాము. వీడియోలు చూసి నేర్చుకున్న సేద్యానికి ఇది మొదటి పరీక్ష అని ఇంట్లో అందరమూ అనుకున్నాము.

ఇక్కడ నారును నేల మడుల్లో కాకుండా 98 గుంతలుండే ప్రోట్రేలలో (నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలలో) కొబ్బరి పొట్టు నింపి పెంచుతారు. తీసేటప్పుడు వేరు తెగదు కనుక మొక్క పొలంలో త్వరగా నిలదొక్కుకుంటుంది. యజమాని ఒక మొక్కను వేళ్లతో పైకి లేపి, తెల్లని పీచువేళ్లు పొట్టును అల్లుకున్న తీరు చూపించి, "ఈ వేళ్లు గోధుమ రంగుకు తిరిగితే నా దగ్గరైనా కొనవద్దు బాబూ" అన్నారు. 2021లో మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో చేరి కాపును ఎలా పాడుచేస్తుందో, పొలంలో నీలం రంగు జిగురు అట్టలు ఎందుకు కట్టాలో ఓపికగా వివరించారు. నారు అమ్మి చేతులు దులుపుకునే చోట ఇంత మాట దొరకదు.

ధర మడి నారు కంటే ఎక్కువే, అయినా నాణ్యత చూస్తే అది పెద్ద అభ్యంతరం కాదు. బిల్లు విషయంలోనే నాకు అసంతృప్తి మిగిలింది: అడిగితే గానీ రాయలేదు, రాసినదానిలోనూ విత్తన లాట్ నంబరు (ఆ విత్తనం ఏ విడతలోదో తెలిపే సంఖ్య) లేదు. రేపు విత్తనం తేడా వస్తే రైతు చేతిలో ఉండే ఆధారం అదే కాబట్టి, కొనేవారు డబ్బు చెల్లించే ముందే ఆ నంబరును బిల్లుపై రాయించుకోవాలి, వీలైతే ఖాళీ విత్తన ప్యాకెట్‌ను కూడా అడిగి తీసుకోవాలి.