ఎగువ వాలులో ఐరన్ షాట్: వాలుతో ఒరిగి కొట్టడమా, నిటారుగా నిలిచి కొట్టడమా?

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో గోల్ఫ్ మొదలుపెట్టినవారిలో చాలామంది చదునైన చోటనే స్వింగ్ నేర్చుకుంటారు. డెల్టా నేల తీరే అంత. మేడ మీద వల కట్టి చాప పరుచుకున్నా, ఊరి బయట ఖాళీ స్థలంలో సాధన చేసినా రెండు పాదాలూ ఒకే మట్టంలో ఉంటాయి. తర్వాత గోల్కొండ నయాఖిల్లా దగ్గరి హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌కో, విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కో ఆడటానికి వెళ్లినప్పుడు, బంతి మిట్ట మీదకు ఎక్కుతూ మధ్యలో ఆగిపోయిన చోట, ఎడమ కాలు పైన, కుడి కాలు కింద పెట్టి నిలబడాల్సి వస్తుంది. ఇంటి దగ్గర నిలకడగా తగిలిన సెవెన్ ఐరన్ (ఐరన్ అనే లోహపు ముఖం గల గోల్ఫ్ కర్రల్లో, అంటే క్లబ్బుల్లో, ఏడో నంబరుది) ఆ ఒక్క చోట చేతికి కొత్తదైపోతుంది. (కుడిచేతి ఆటగాడిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఎడమచేతి వారు దిక్కులు తిప్పి చదువుకోవాలి.)

అలాంటి చోట ఎలా నిలబడాలన్న ప్రశ్నకు రెండు సమాధానాలు వినిపిస్తాయి. భుజాలను వాలుకు సమాంతరంగా ఉంచి, కుడి భుజాన్ని దించి, బరువులో కొంత ఎక్కువ భాగాన్ని కింది కాలి మీద మోస్తూ, క్లబ్‌ను వాలు వెంబడే పైకి నడిపించాలన్నది మొదటిది. తాపీమేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీసినట్టు ఒంటిని నిటారుగా ఉంచి, ఎడమ మోకాలిని బాగా వంచి, బరువును పై కాలి మీదకు తోసి, చదునైన నేల మీద కొట్టినట్టే బంతి మీదకు దిగువగా కొట్టాలన్నది రెండోది.

నేర్పకుండానే వచ్చేది రెండోదే. గుణదల కొండ మెట్లు ఎక్కే మనిషిని గమనిస్తే, ఎవరూ చెప్పకుండానే నడుము ముందుకు వంచి, పై మెట్టు మీద వేసిన కాలి మీదకు బరువు తెచ్చుకుంటూ ఎక్కుతాడు. మిట్ట ఎదురైనప్పుడు దాని మీదకు ఒరగడం ఒంటికి పుట్టుకతో వచ్చిన అలవాటు. నడకకు ఆ అలవాటు మంచిదే కానీ, ఐరన్ షాట్‌కు వచ్చేసరికి అదే చాలాసార్లు అడ్డుపడుతుంది. ఎందుకో లెక్క వేసి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

చదునైన నేల మీద ఐరన్ బంతిని సుమారు 4 డిగ్రీల దిగువ కోణంలో తాకుతుందనుకుందాం. వాలు 10 డిగ్రీలు ఉన్నచోట నిటారుగా నిలిచి అదే స్వింగ్ చేస్తే, క్లబ్ దిగుతూ ఉంటుంది, నేల దానికి ఎదురుగా లేస్తూ ఉంటుంది. రెండూ కలిసి క్లబ్ మట్టిని 14 డిగ్రీల కోణంలో గుద్దుతుంది. కొట్టేవాడు ఏ తప్పూ చేయకపోయినా అంచు మట్టిలో దిగబడి ఆగిపోతుంది. బంతికి ఒక్క అంగుళం వెనక తాకితే షాట్ అక్కడితో సరి. భుజాలను వాలుకు సమాంతరంగా ఒరిగించినప్పుడు స్వింగ్ మొత్తం వాలుతో పాటే తిరుగుతుంది కనుక నేలకూ క్లబ్‌కూ మధ్య ఆ 4 డిగ్రీలే మిగులుతాయి. అంటే చదునైన నేల మీద ఎంత పొరపాటు చెల్లుతుందో ఇక్కడా దాదాపు అంతే చెల్లుతుంది. నా దృష్టిలో మొదటి పద్ధతికి ఉన్న అసలు బలం ఇదే. బంతి ఎత్తుగా లేవడం, గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి) మీద మెత్తగా దిగడం దానితో పాటు వచ్చే లాభాలు మాత్రమే.

మంగళగిరి వైపు ఒక ఖాళీ స్థలం అంచున, వాన నీరు జారే మిట్ట ఒకటుంది. గుంటూరు నుంచి వచ్చే మా బాబాయి, నేను ఒక ఉదయం అక్కడ చిల్లుల ప్లాస్టిక్ బంతులతో రెండు పద్ధతులనూ పరీక్షించాం. బంతి లేకుండా ముందు ఖాళీ స్వింగులు చేసి, నేల మీద మిగిలిన గుర్తులు చూశాం. నిటారుగా నిలిచి చేసిన చోట అరచేయంత మట్టిపెళ్ల లేచి, గడ్డి వేర్లు తెల్లగా బయటపడ్డాయి. మణికట్టు దాకా అదురు వచ్చింది. వాలుతో ఒరిగి చేసిన చోట గడ్డి కొసలు మాత్రం ఒక జానెడు పొడవున ముందుకు దువ్వినట్టు పడుకున్నాయి. బాబాయి మోకాళ్ల మీద కూర్చుని ఆ రెండు గుర్తులనూ వేలితో తడిమి, "ఇంక మాటలెందుకురా, నేలే చెబుతోంది కదా" అన్నారు. ఆ గుర్తు మరో సంగతి కూడా చూపించింది: ఒరిగి నిలబడినప్పుడు క్లబ్ నేలను తాకే చోటు స్టాన్స్ (పాదాలు పెట్టి నిలబడిన తీరు) మధ్య నుంచి కొద్దిగా పై కాలి వైపు జరిగింది. అందుకే బంతిని కూడా ఒక బంతి వెడల్పు మేర ఎడమ పాదం వైపు పెట్టుకోవడం మేలు.

అయితే మొదటి పద్ధతికి చెల్లించాల్సిన మూల్యం దూరం. వాలు ఎంత ఉంటే క్లబ్ ముఖం నిలువు నుంచి అంత ఎక్కువగా వెనక్కి వాలినట్టవుతుంది. 32 డిగ్రీల లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం) ఉన్న సెవెన్ ఐరన్ 6 డిగ్రీల వాలు మీద 38 డిగ్రీల క్లబ్‌లా పనిచేస్తుంది. అది ఎయిట్ ఐరన్‌ను కూడా దాటిపోతుంది. ఐరన్‌కూ ఐరన్‌కూ మధ్య సుమారు 4 డిగ్రీల తేడా ఉంటుంది కనుక, చిన్న వాలుకు ఒక క్లబ్, 8 నుంచి 10 డిగ్రీల వాలుకు రెండు క్లబ్బులు పెద్దది (నంబరు తగ్గేకొద్దీ క్లబ్ పెద్దది, బంతి దూరం పోతుంది) తీసుకోవాలి. పెద్ద క్లబ్ తీసుకోవడానికి మనసొప్పక, సెవెన్ ఐరన్‌నే బలంగా కొట్టి దూరం రాబట్టాలనుకునేవారు చాలామంది. ఎగువ వాలులో బలం పెంచితే ఒళ్లు కుడి కాలి మీదకు వెనక్కి తూలుతుంది. క్లబ్ బంతికి ముందే నేలను తాకుతుంది. ఫైవ్ ఐరన్‌ను ముప్పావు స్వింగ్‌తో కొట్టడం, సెవెన్ ఐరన్‌ను ఒళ్లు విరుచుకుని కొట్టడం కంటే ప్రతిసారీ మేలన్నది నా నిశ్చితాభిప్రాయం.

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు తరచూ కలగలిసిపోతాయి. కాళ్ల కింద వాలు ఉండటం ఒకటి, గ్రీన్ మనకంటే ఎత్తులో ఉండటం మరొకటి. గ్రీన్ ఒక గజం ఎత్తులో ఉంటే దూరానికి ఒక గజం కలుపుకోవాలన్నది ఆటగాళ్లు వాడే మోటు లెక్క. అది ఏ పద్ధతిలో కొట్టినా వర్తిస్తుంది. వాలు వల్ల పెరిగిన లాఫ్ట్‌కు కలుపుకోవాల్సింది దానికి అదనం. అమెరికాలోని ఆగస్టా నేషనల్ గోల్ఫ్ మైదానపు 18వ హోల్ లాంటి ఎగువకు సాగే హోళ్లలో ఈ రెండూ ఒకేసారి ఎదురవుతాయి. టీవీ తెర మీద ఆ వాలు చదునుగా కనిపిస్తుంది కనుక అక్కడి ఆటగాళ్లు అంత పెద్ద క్లబ్ ఎందుకు తీశారో చూసేవారికి అర్థం కాదు.

దిశ గురించి చెప్పాల్సింది తక్కువే. బరువు కింది కాలి మీద ఉండిపోవడం వల్ల నడుము పూర్తిగా తిరగదు, చేతులు ముందుకు దాటిపోయి క్లబ్ ముఖాన్ని మూసేస్తాయి, బంతి ఎడమకు పోతుంది. గురిని కొద్దిగా కుడికి మార్చుకోవడం, ఎడమ పాదం వేళ్లను కొంచెం లక్ష్యం వైపు తిప్పి ఉంచడం చాలు.

మరి రెండో పద్ధతికి చోటే లేదా అంటే, ఉంది. స్టాన్స్‌లో పాదాల మధ్య 45 సెంటీమీటర్ల ఎడం ఉన్నప్పుడు, 6 డిగ్రీల వాలులో ఎడమ పాదం సుమారు 5 సెంటీమీటర్లు, 10 డిగ్రీలలో 8 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది. 15 డిగ్రీలకు వచ్చేసరికి ఆ తేడా 12 సెంటీమీటర్లు అవుతుంది. అంత నిలువు వాలు మీద భుజాలను సమాంతరంగా ఒరిగించి స్వింగ్ చేస్తే మామూలు ఆటగాడు వెనక్కి పడిపోకుండా నిలవలేడు. అక్కడ నిటారుగా నిలిచి, బంతిని స్టాన్స్ మధ్యలో పెట్టి, క్లబ్‌ను రెండు అంగుళాలు కిందికి దించి పట్టుకుని, ఫాలో-త్రూ (బంతిని తాకాక క్లబ్ ముందుకు సాగడం) ఉండదని ముందే ఒప్పుకుని పొట్టి దెబ్బ కొట్టడమే సరైనది. ఎదురుగాలి బలంగా ఉన్నప్పుడు, లేదా తలపైన చెట్టు కొమ్మ ఉన్నప్పుడు చిన్న వాలులో కూడా దీన్నే ఎంచుకోవచ్చు, ఎందుకంటే బంతి కిందుగా వెళుతుంది. విశాఖలో సముద్రపు గాలి వీచే మధ్యాహ్నాల్లో నేను దీన్ని వాడుతుంటాను. అయితే అప్పుడు గ్రీన్ మీద నేరుగా దించే ఆశ పెట్టుకోను, ముందు భాగంలో పడి దొర్లితే చాలనుకుంటాను.

ఏ పద్ధతిలో కొట్టినా ఒక జాగ్రత్త తప్పదు. ఎగువ వాలులో బంతి వెనక్కి దొర్లడానికి సిద్ధంగా ఉంటుంది. క్లబ్‌ను దాని వెనక నేలకు ఆనించి, ఆటగాడి చర్య వల్ల బంతి కదిలితే ఒక పెనాల్టీ స్ట్రోక్ పడుతుంది, బంతిని తిరిగి పాత చోట పెట్టాలి. క్లబ్‌ను గడ్డికి కొద్దిగా పైనే నిలిపి ఉంచడం మంచిది. కింది కాలికి ఆసరాగా మట్టి పోగుచేసి స్టాన్స్‌ను కట్టుకోవడానికీ నియమాలు ఒప్పుకోవు.

ఏ వాలుకు ఏ పద్ధతి అన్నది కంటితో చెప్పగలగాలంటే సాధనలో కొలిచి చూసుకోవాలి. ఫోన్‌లోని మట్టం చూపే సదుపాయాన్ని తెరిచి, నేల మీద పరిచిన క్లబ్ కడ్డీ మీద ఫోన్ ఆనిస్తే డిగ్రీలు తెలుస్తాయి. ముందు కంటితో అంచనా చెప్పి, తర్వాత కొలవాలి. ఆ తర్వాత వాలుతో ఒరిగి ముప్పావు స్వింగ్ చేసి, చివరి భంగిమలో మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు కదలకుండా నిలవగలుగుతున్నామా అని చూసుకోవాలి. మంగళగిరి మిట్ట మీద బాబాయి 9 డిగ్రీల దాకా నిలిచారు, నేను 11 దాకా నిలిచాను. ఆ అంకె దాటిన వాలు ఎదురైతే ఇద్దరం నిటారు పద్ధతికే మారుతున్నాం.