పెద్ద కోచ్ రిటైరైతే సెర్చ్ ఫర్మ్‌కు డబ్బు కట్టాలా? ఒక సేవపై సమీక్ష

అమెరికా యూనివర్సిటీలకు కొత్త హెడ్ కోచ్‌ను వెతికిపెట్టే సెర్చ్ ఫర్మ్‌లు నిజానికి మూడు పనులు కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతాయి. పేర్లు తేవడం మొదటిది. ఆ పేర్ల వెనక చరిత్ర తవ్వడం రెండోది. యూనివర్సిటీకీ కోచ్ ఏజెంటుకీ మధ్య గుట్టుగా బేరం నడపడం మూడోది. మామూలుగా వచ్చే ఖాళీకి ప్యాకేజీ మొత్తం కొన్నా తప్పులేదు. పాతికేళ్లో నలభయ్యేళ్లో ఒకేచోట ఉండి గెలిపించిన బాస్కెట్‌బాల్ కోచ్ తప్పుకుంటున్నప్పుడు మాత్రం లెక్క వేరు. అప్పుడు మొదటి పనికి కట్టే డబ్బు దండగ. రెండో పనికి కట్టి తీరాలి. మూడోది ఒప్పందం ఎలా రాసుకున్నారన్నదాని మీద ఉంటుంది. ఇక్కడ చెప్పేది ఏ ఒక్క ఫర్మ్ గురించో కాదు, ఆ సేవ గురించి.

ముందు పేర్ల సంగతి. ఇలాంటి రిటైర్మెంట్లలో వారసుడు చాలాసార్లు ఇంట్లోనే ఉంటాడు. నార్త్ కరోలినా యూనివర్సిటీలో రాయ్ విలియమ్స్ 2021 ఏప్రిల్ 1న తప్పుకుంటే, ఆయన అసిస్టెంట్ హ్యూబర్ట్ డేవిస్‌ను ఏప్రిల్ 5కల్లా నియమించేశారు. సిరక్యూస్‌లో 47 సీజన్ల జిమ్ బేహైమ్ శకం 2023 మార్చిలో ముగిసిన రోజే ఆయన అసిస్టెంట్ ఏడ్రియన్ ఆట్రీ పేరు వచ్చింది. విలనోవాలో 2022 ఏప్రిల్‌లో జే రైట్ సెలవు తీసుకున్నప్పుడు ఆయన పాత అసిస్టెంట్ కైల్ నెప్ట్యూన్‌ను ఫోర్డమ్ నుంచి వెనక్కి పిలిచారు. అప్పటికి అతనికి హెడ్ కోచ్‌గా ఒక్క సీజన్ అనుభవమే. డ్యూక్ అయితే మైక్ షిషెఫ్‌స్కీ చివరి సీజన్ మొదలవకముందే, 2021 జూన్‌లోనే ఆయన అసిస్టెంట్ జాన్ షెయర్ పేరు చెప్పేసింది. ఇరవై పేర్ల జాబితా, ఒక్కో పేరుకు రంగుల గ్రాఫులు వేసిన ఫైలు వీటిలో దేనికీ నిర్ణయం మార్చేది కాదు. పెద్దాయన మనసులో ఎవరున్నారో అథ్లెటిక్ డైరెక్టర్‌కు, అంటే యూనివర్సిటీ క్రీడా విభాగం అధిపతికి, ఎప్పుడో తెలుసు. ఆ పేరునే కాగితం మీద చూసుకోవడానికి ఫీజు ఎందుకు?

ఇంటి మనిషిని పెడితే ఎప్పుడూ కలిసొస్తుందనీ కాదు. డేవిస్ మొదటి సీజన్‌లోనే 2022 ఫైనల్ దాకా వెళ్లి కాన్సస్ చేతిలో 72-69తో ఓడాడు. మరుసటి ఏడాది అదే జట్టు దేశంలో నంబర్ వన్‌గా సీజన్ మొదలుపెట్టి కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ వారి జాతీయ టోర్నమెంట్‌లో చోటే దక్కించుకోలేకపోయింది. షెయర్ 2025లో ఫైనల్ ఫోర్‌కు, అంటే ఆ టోర్నమెంట్‌లో చివరి నాలుగు జట్ల దశకు, చేరాడు. నెప్ట్యూన్ మూడు సీజన్లలో ఒక్కసారీ టోర్నమెంట్ గడప తొక్కలేదు. 2025 మార్చిలో అతన్ని తీసేసి మేరీల్యాండ్ నుంచి కెవిన్ విలర్డ్‌ను తెచ్చుకున్నారు. ఆట్రీ జట్టూ మొదటి రెండు సీజన్లు టోర్నమెంట్ బయటే ఉంది. బయటివాళ్లను వెతికే అసలు పని మొదలయ్యేది ఇక్కడే, అంటే పెద్దాయన తర్వాతివాడి తర్వాత. ఫర్మ్‌తో పూర్తి ప్యాకేజీ మాట్లాడుకోవాలంటే ఆ రెండో నియామకానికి మాట్లాడుకోవడం మేలు.

అసలు ఏ వెతుకులాటా తీర్చలేని ఖాళీలు కొన్ని ఉంటాయి. యూసీఎల్‌ఏలో జాన్ వుడెన్ 12 ఏళ్లలో పదో టైటిల్ గెలిచి 1975లో తప్పుకున్నాడు. తర్వాత వచ్చిన జీన్ బార్టో రెండు సీజన్లలో 52 గెలిచి 9 మాత్రమే ఓడాడు, 1976లో ఫైనల్ ఫోర్‌కు కూడా వెళ్లాడు. అయినా అక్కడి వాళ్ల మనసు నిండలేదు. 1977లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ వెళ్లి కొత్త ప్రోగ్రామ్ మొదలుపెట్టుకున్నాడు. అభ్యర్థుల్లో తప్పు లేని చోట అభ్యర్థుల జాబితా పొడిగిస్తే ఒరిగేదేమీ లేదు.

ఈ సేవ విలువను తేల్చేది కోచ్ పేరు కంటే తేదీ. రిటైర్మెంట్ ఏప్రిల్‌లో వస్తే మార్కెట్ తెరిచే ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తే పేరున్న ప్రతి హెడ్ కోచ్ మరో జట్టుతో సీజన్ ముంగిట నిలబడి ఉంటాడు, ఎంత గొప్ప ఫర్మ్ అయినా కదిలించలేదు. నార్త్ కరోలినాలోనే డీన్ స్మిత్ 879 విజయాలతో 1997 అక్టోబరులో తప్పుకుంటే, ముప్ఫై ఏళ్లు ఆయన పక్కనే ఉన్న బిల్ గుత్రిజ్ తప్ప వేరే దారి లేదు. అతను మూడు సీజన్లలో రెండు ఫైనల్ ఫోర్‌లు తెచ్చాడన్నది వేరే మాట. కనెక్టికట్‌లో జిమ్ కల్హూన్ 2012 సెప్టెంబరులో వెళ్లిపోతే ఆయన అసిస్టెంట్ కెవిన్ ఓలీకి ముందు 2013 ఏప్రిల్ వరకే ఒప్పందం ఇచ్చారు. వర్జీనియాలో టోనీ బెనెట్ 2024 అక్టోబరు 18న, సీజన్‌కు కొద్ది వారాల ముందు తప్పుకున్నాడు. తాత్కాలిక కోచ్ రాన్ సాంచెజ్ కింద జట్టు 15 గెలుపులు, 17 ఓటములతో ముగించింది.

ఇలాంటి అకాల రిటైర్మెంట్‌కు ఫర్మ్‌తో రెండు విడతల ఒప్పందం రాసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాగితాల తనిఖీ, బైఅవుట్ (ఒప్పందం మధ్యలో తెంచుకుంటే కట్టాల్సిన పరిహారం) లెక్కలు మాత్రమే. ఇంటర్వ్యూలు మార్చిలో. రెండు విడతలకూ ఫీజు విడివిడిగా, మొదటి విడత తర్వాత ఆపేసే హక్కు యూనివర్సిటీకి. ఇది రాసుకోకపోతే శీతాకాలమంతా పనిలేకున్నా నెలవారీ బిల్లు వస్తూనే ఉంటుంది. ఖాళీగా దొరికిన నెలల్ని ఎలా వాడుకోవచ్చో మయామీ చూపించింది. 2024 డిసెంబరులో జిమ్ లారన్యాగా తప్పుకోగానే బిల్ కోర్ట్నీని తాత్కాలికంగా కూర్చోబెట్టింది. తర్వాత డ్యూక్ అసిస్టెంట్ జై లూకస్‌తో మాట్లాడుకుని, రెగ్యులర్ సీజన్ అవ్వగానే తెచ్చేసుకుంది. హెడ్ కోచ్ మధ్యలో వదిలి రాలేడు, అసిస్టెంట్ రాగలడు. డిసెంబరులో ఖాళీ వస్తే జాబితా అసిస్టెంట్లతో మొదలవ్వాలి. చాలా ఫర్మ్‌ల ఫైళ్లు దీనికి తలకిందులుగా ఉంటాయి.

తేదీతో ముడిపడ్డ ఇంకో చిక్కు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే ఆటగాళ్లు వేరే యూనివర్సిటీకి మారడానికి పేరు నమోదు చేసుకునే వ్యవస్థ. 2024లో బెనెట్ వెళ్లినప్పుడున్న నియమం ప్రకారం హెడ్ కోచ్ పోగానే ఆ జట్టు ఆటగాళ్లకు 30 రోజుల ప్రత్యేక గడువు తెరుచుకునేది. ఈ గడువు నియమాలు తరచూ మారుతున్నాయి కాబట్టి ఒప్పందం నాటికి అమల్లో ఉన్నదే చూసుకోవాలి. ఫర్మ్ ‘ఆరు వారాల ప్రక్రియ’ అని క్యాలెండర్ ఇస్తే పక్కనే పోర్టల్ తేదీలు పెట్టి చదవండి. కోచ్ దొరికేలోపు జట్టు ఖాళీ అయ్యే క్యాలెండర్ ఎంత పద్ధతిగా ఉన్నా పనికిరాదు. దానికి తోడు 2025 జులై 1 నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాది పరిమితి అన్ని క్రీడలకూ కలిపి ఒక్కో యూనివర్సిటీకి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. అందులో బాస్కెట్‌బాల్ వాటా ఎంతో మంచి అభ్యర్థి జీతం కంటే ముందు అడుగుతాడు. ఆ అంకె ఫర్మ్ చేతిలో పెట్టకుండా ఫోన్లు చేయిస్తే మొదటి వారం వృథా.

ఇక చరిత్ర తవ్వడం. డబ్బుకు తగిన పని ఇదే. 2014 మార్చిలో సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీ మన్హాటన్ కాలేజీ కోచ్ స్టీవ్ మాసియెల్లోతో ఒప్పందానికి వచ్చింది. తనిఖీలో అతను కెంటకీలో డిగ్రీ పూర్తి చేయలేదని తేలింది. ఆఫర్ వెనక్కి వెళ్లింది. తనిఖీ పనిచేసిందనడానికి ఇది ఉదాహరణే, ఆలస్యంగా చేస్తే ఏమవుతుందనడానికీ ఇదే ఉదాహరణ. అప్పటికే వార్త బయటికి పొక్కి రెండు కాలేజీలూ ఇరుకున పడ్డాయి.

ఆలస్యానికి కారణం సాదాసీదాదే. గుట్టు బయటపడుతుందనే భయంతో ఆఫర్ ఖాయమయ్యాకే తనిఖీ మొదలుపెడతారు. మందు ఏమిటంటే చివరి ముగ్గురి దగ్గరా మొదటి ఇంటర్వ్యూ రోజే సంతకం చేసిన అనుమతి పత్రం తీసుకోవడం, ముగ్గురికీ ఒకేసారి తనిఖీ చేయించడం. ఖర్చు కొంచెం పెరుగుతుంది, పరువు దక్కుతుంది. తనిఖీలో ఏమేం ఉండాలో ఒప్పందంలోనే రాయించండి. డిగ్రీ ధ్రువీకరణ రెజ్యూమే చూసి కాదు, ఆ యూనివర్సిటీ రిజిస్ట్రార్ నుంచి నేరుగా రావాలి. అతను నివసించిన ప్రతి కౌంటీలో సివిల్, క్రిమినల్ కోర్టు రికార్డులు చూడాలి. ఎన్‌సీఏఏ ఉల్లంఘనల తీర్పులు బహిరంగంగానే దొరుకుతాయి, ప్రధాన కోచ్‌గానే కాదు, అసిస్టెంట్‌గా ఉన్న రోజులవీ వెతకాలి. 2023 జనవరి నుంచి సిబ్బంది చేసిన ఉల్లంఘనకు బాధ్యత హెడ్ కోచ్ మీద దానంతటదే పడుతుంది, కాబట్టి అతను వెంట తెచ్చుకోబోయే అసిస్టెంట్ల చరిత్ర కూడా లెక్కలోకి వస్తుంది. అభ్యర్థి రాసిచ్చిన రిఫరెన్సులు పొగడటానికే ఉంటాయి. రాసివ్వని వాళ్లను, అంటే పాత జట్ల ట్రైనర్లను, మేనేజర్లను, చదువు చూసే సలహాదారులను పలకరించమనండి. నివేదికలో ఆ పని ఎంత జరిగిందో చూస్తే ఫర్మ్ పనితనం తెలిసిపోతుంది.

ఎన్నాళ్ల నుంచో పక్కనే ఉన్న అసిస్టెంట్‌కు ఈ తనిఖీ దేనికని కొందరు వదిలేస్తారు. అదే తప్పు. ఇరవై ఏళ్ల కింద ఉద్యోగంలో చేరినప్పుడు చూసిన కాగితాలే అతని ఫైల్లో ఉంటాయి.

గుట్టు గురించి ఫర్మ్‌లు గొప్పగా చెప్పుకుంటాయి. అందులో కొంత నిజముంది. ప్రభుత్వ యూనివర్సిటీ ఈమెయిళ్లు, ఫోన్ రికార్డులు బహిరంగ రికార్డుల చట్టం కింద పత్రికలు అడిగి తీసుకోవచ్చు. సంభాషణ ఫర్మ్ ద్వారా నడిస్తే యూనివర్సిటీ దగ్గర కాగితం తక్కువ ఉంటుంది. అయితే ఈ రక్షణ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కొన్ని చోట్ల కాంట్రాక్టర్ దగ్గరున్న కాగితాలూ చట్టం కిందికి రావచ్చు. పైగా వార్తలు లీకయ్యేది చట్టం ద్వారా తక్కువ, జీతం పెంచుకోవాలనుకునే ఏజెంట్ల ద్వారా ఎక్కువ. దాన్ని ఆపే మందు ఫర్మ్ దగ్గర లేదు.

ఫీజు సాధారణంగా పదుల వేల డాలర్ల నుంచి లక్ష దాటేదాకా ఉంటుంది, ప్రయాణ ఖర్చులు వేరు. కార్పొరేట్ నియామకాల్లో మొదటి ఏడాది జీతంలో మూడో వంతు తీసుకోవడం మామూలే. కోచ్‌ల విషయంలో అది ఒప్పుకోకూడదు, జీతం పెరిగేకొద్దీ ఫర్మ్‌కు లాభమైతే బేరం ఎవరి తరఫున నడుస్తుందో చెప్పక్కర్లేదు. స్థిర ఫీజే అడగండి, ప్రయాణానికి పైపరిమితి పెట్టండి. ‘ఏడాదిలోపు వెళ్లిపోతే ఉచితంగా మళ్లీ వెతుకుతాం’ అన్న హామీకి మురిసిపోవద్దు. కోచ్‌ను మొదటి ఏడాదిలో తీసేసే సందర్భాలు తక్కువ. దాని బదులు, ప్రకటన తర్వాత తనిఖీ లోపం వల్ల ఆఫర్ రద్దయితే ఫీజు వాపసు అని రాయించుకోండి. అదే వసంతంలో ఆ ఫర్మ్ ఇంకే యూనివర్సిటీలకు కోచ్‌ను వెతుకుతోందో, మీ అథ్లెటిక్ డైరెక్టర్‌ను ఇదివరకు నియమించి పెట్టింది వాళ్లేనా అన్నది రాతపూర్వకంగా అడగండి. ఒకే మనిషిని రెండు చోట్ల చూపించి ధర పెంచే అవకాశం ఉన్న చోట ఈ ప్రశ్నకు సిగ్గుపడనక్కర్లేదు.

బేరం దశలో ఒక ప్రమాదం ఉంది. కోచ్‌ను పట్టేయాలన్న తొందరలో రాత్రికి రాత్రి సంతకం చేసే రెండు పేజీల అవగాహన పత్రమే తర్వాత అసలు ఒప్పందంలా బిగుసుకుంటుంది. కారణం చూపి తొలగించడం అంటే ఏమిటో ఆ రెండు పేజీల్లో సరిగ్గా ఉండకపోతే ఫలితం ఏళ్ల తర్వాత వస్తుంది. 2014లో టైటిల్ గెలిపించిన ఓలీని కనెక్టికట్ 2018లో కారణం చూపించి తీసేసింది. మధ్యవర్తి తీర్పు 2022 జనవరిలో అతనికి అనుకూలంగా వచ్చింది, 1.1 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాల్సి వచ్చింది. ఈ వాక్యాలు రాయాల్సింది ఫర్మ్ కాదు, యూనివర్సిటీ సొంత లాయరు. బైఅవుట్ దగ్గరా అంతే. కొన్ని ఒప్పందాల్లో ఏప్రిల్ 1 లాంటి తేదీ దాటితే బైఅవుట్ ఒక్కసారిగా తగ్గుతుంది. ఆ తేదీ ముందే తెలిస్తే మూడు రోజులు ఆగడం వల్ల మిగిలేది ఫర్మ్ ఫీజుకు ఎన్నో రెట్లు.

వారసుణ్ణి ఏళ్ల ముందే ప్రకటించే పద్ధతికి కూడా కొందరు ఫర్మ్ సలహా కొంటారు. డ్యూక్‌లో అది కుదిరింది, ఎందుకంటే గడువు ఒక్క సీజనే, తేదీ మారలేదు. సిరక్యూస్‌లో 2015లోనే బేహైమ్ 2018లో దిగుతాడనీ తర్వాత మైక్ హాప్కిన్స్ అనీ చెప్పారు. 2017లో హాప్కిన్స్ వాషింగ్టన్‌కు హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు, బేహైమ్ మరో ఆరు సీజన్లు ఉన్నాడు. ఏడాది మించిన నిరీక్షణకు సలహా ఇచ్చే ఫర్మ్‌ను, ఈలోగా వారసుడు వెళ్లిపోతే ఎవరికి ఎంత నష్టపరిహారం అన్న పేరా ముందు రాసి చూపించమనాలి.

చివరగా ప్యాకేజీలో సాధారణంగా ఉండని కాగితం ఒకటుంది: వెళ్లిపోతున్న కోచ్‌కు ఇకపై ఏ హోదా, ఏ గది, ఎంత జీతం, ప్రాక్టీసుకు రావచ్చా, రిక్రూట్ల (జట్టులో చేర్చుకోవాలనుకునే ఆటగాళ్ల) కుటుంబాలతో మాట్లాడవచ్చా అన్నది. కొత్త కోచ్ సంతకానికి ముందే, అతని ఏజెంటుకు చూపించి, దీన్ని విడిగా రాయించుకోవాలి.