డయోడ్ పంపింగ్‌కు నియోడిమియం గ్లాసా, ఇటర్బియం గ్లాసా: ఏది మేలు?

గ్లాసులోని అయాన్లకు లేజర్ డయోడ్ల కాంతితో శక్తి నింపి (పంప్ చేసి) జూల్ స్థాయి పల్స్ లేజర్ కట్టబోయేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. చాలామంది ఎమిషన్ క్రాస్ సెక్షన్ (అయాను కాంతిని ఎంత బలంగా పెంచగలదో చెప్పే కొలత) అంకెలు పక్కపక్కన పెట్టుకుని మొదలుపెడతారు. నియోడిమియం ఫాస్ఫేట్ గ్లాసుకు అది సుమారు 4×10⁻²⁰ చ.సెం.మీ.; ఇటర్బియం గ్లాసుకు 1030 నానోమీటర్ల దగ్గర అందులో ఐదో వంతుకు అటూఇటూ. ఆ ఒక్క అంకెతో తేల్చేస్తే నియోడిమియమే గెలుస్తుంది. కానీ పంప్ చేసేది డయోడ్లయితే ముందు చూడాల్సింది లైఫ్‌టైమ్, అంటే నింపిన శక్తిని అయాన్లు సగటున పట్టి ఉంచే కాలం.

డయోడ్‌కు మనం డబ్బు కట్టేది జూళ్ల లెక్కన కాదు, పీక్ వాట్ల లెక్కన. గ్లాసులో 1 జూల్ నిల్వ కావాలనుకుందాం. లైఫ్‌టైమ్ అంతసేపు పంప్ చేస్తే నింపినదాంట్లో 63 శాతమే నిలుస్తుంది, మిగతాది స్పాంటేనియస్ ఎమిషన్‌గా (దానంతటదే వెలువడే కాంతిగా) పోతుంది. పంప్ కాంతిలో 85 శాతం గ్లాసు పీల్చుకుంటుందని వేసుకుంటే, 802 నానోమీటర్లలో పంప్ చేసి 1054లో తీసే నియోడిమియం గ్లాసుకు దాదాపు 2.5 జూళ్లు కావాలి. వాటిని దాని లైఫ్‌టైమ్ అయిన 0.35 మిల్లీసెకన్లలో ఇవ్వాలంటే 7 కిలోవాట్ల డయోడ్లు పెట్టాలి. లైఫ్‌టైమ్ 1.5 మిల్లీసెకన్లున్న ఇటర్బియం గ్లాసును 940లో పంప్ చేస్తే 1.4 కిలోవాట్లు చాలు. గది ఉష్ణోగ్రత దగ్గర ఇటర్బియంలో లేజర్ కింది స్థాయిలో కొన్ని శాతం అయాన్లు ఉంటాయి కాబట్టి ట్రాన్స్‌పరెన్సీకి (గ్లాసు లేజర్ కాంతిని తానే పీల్చుకోని స్థితికి) పైన కొంత కలపాలి. అది కలిపినా తేడా చెరిగిపోదు.

అందుకే లైఫ్‌టైమ్ అంకెను క్యాటలాగ్ నుంచి ఎత్తుకోకండి, జడ్-ఓఫెల్ట్ సిద్ధాంతపు లెక్కతో వచ్చిన రేడియేటివ్ విలువను (కాంతిగా తప్ప వేరే నష్టం లేదనుకున్నది) అసలే వాడకండి. నియోడిమియం డోపింగ్ పెంచేకొద్దీ అయాన్లు ఒకదాన్నొకటి క్వెంచ్ చేసుకుంటాయి, అంటే శక్తి కాంతిగా రాకుండానే పోతుంది. ఫాస్ఫేట్ గ్లాసులో మిగిలిపోయిన హైడ్రాక్సిల్ కూడా లైఫ్‌టైమ్‌ను తినేస్తుంది. అది ఎంతుందో తెలియడానికి 3 మైక్రాన్ల దగ్గర అబ్సార్ప్షన్ ఎంతో తయారీదారును అడగండి. వచ్చిన ముక్కను మీరే కొలవండి: చిన్న పంప్ పల్స్, ఫోటోడయోడ్, తక్కువ లోడ్ రెసిస్టర్, స్కోప్. ఇటర్బియంతో ఒక చిక్కుంది. మందం ముక్కలో వెలువడ్డ కాంతినే మళ్లీ పీల్చుకోవడం వల్ల లైఫ్‌టైమ్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పల్చటి ముక్క తీసుకుని, పిన్‌హోల్ పెట్టి చూడాలి.

వేడి విషయంలోనూ మొగ్గు ఇటర్బియం వైపే. పీల్చుకున్న శక్తిలో నియోడిమియంలో క్వాంటమ్ డిఫెక్ట్ (పంప్ ఫోటాన్‌కూ లేజర్ ఫోటాన్‌కూ ఉన్న శక్తి తేడా) కింద పోయేది 24 శాతం, ఇటర్బియంలో 9. ఫాస్ఫేట్ గ్లాసు ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు 0.6 వాట్లే, యాగ్ అనే లేజర్ స్ఫటికంలో అది పదికి పైనే. 5 మిల్లీమీటర్ల పలకలో ఘన సెంటీమీటరుకు 1 వాట్ వేడి పుడితే, రెండు ముఖాలనూ చల్లబరిచినా మధ్యకూ ముఖానికీ 5 డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. మందం రెట్టింపైతే తేడా నాలుగు రెట్లవుతుంది. అమెరికాలోని లివర్‌మోర్ ల్యాబ్‌లో కట్టిన హాప్ల్స్ (HAPLS) లేజర్ 10 హెర్ట్జ్ లక్ష్యానికి నియోడిమియం గ్లాసు పలకల మధ్య హీలియం పంపేది ఈ కారణంగానే.

ఇటర్బియం అసలు ఇబ్బంది శక్తిని బయటికి తీయడంలో ఉంది. శాచురేషన్ ఫ్లూయెన్స్ (నిల్వ శక్తిని బాగా బయటికి లాగడానికి పల్స్‌కు ప్రతి చ.సెం.మీ.లో ఉండాల్సిన శక్తి) నియోడిమియం ఫాస్ఫేట్‌కు చ.సెం.మీ.కు 5 జూళ్ల దరిదాపు, ఇటర్బియం గ్లాసుకు 25 పైన. అంత ఫ్లూయెన్స్‌కు నానోసెకన్ పల్స్‌లో కోటింగ్ ముందే కాలిపోతుంది. కాబట్టి పల్స్‌ను తక్కువ ఫ్లూయెన్స్‌తో గ్లాసు గుండా చాలాసార్లు తిప్పాలి. జర్మనీలోని జెనాలో ఉన్న పొలారిస్ లేజర్ ఇటర్బియం ఫ్లోరైడ్ ఫాస్ఫేట్ గ్లాసుతో మల్టీపాస్ దారిలోనే నడిచింది, తర్వాత కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికానికి మారింది. బల్ల మీద చోటు, మంచి అద్దాలు, అలైన్‌మెంట్‌కు ఓపిక ఉంటే నేను ఇటర్బియమే ఎంచుకుంటాను. రెండు పాసుల్లో పని అయిపోవాలంటే మాత్రం నియోడిమియం, వేరే దారి లేదు.

పంప్ తరంగదైర్ఘ్యం: డయోడ్ డిగ్రీకి 0.3 నానోమీటర్లు జరుగుతుంది. ఇటర్బియంలో 976 శిఖరం బలమైనదే గానీ సన్నగా ఉంటుంది. 940 దగ్గరైతే కూలింగ్ కొంచెం అటూఇటూ అయినా నెట్టుకురావచ్చు. నియోడిమియం గ్లాసు పంప్ కాంతిని పీల్చుకునే బ్యాండ్ వెడల్పైనది, యాగ్‌లా చిల్లర్‌తో కుస్తీ అక్కర్లేదు.

1535 నానోమీటర్ల రేంజ్‌ఫైండర్ కావాలంటే ఎర్బియం-ఇటర్బియం ఫాస్ఫేట్ గ్లాసు. కంటిన్యువస్ పవర్ కావాలంటే ఇదంతా వదిలేసి ఇటర్బియం ఫైబర్ తీసుకోండి.

ఏది కొన్నా, ఫాస్ఫేట్ గ్లాసు ముఖం మీదుగా నేరుగా నీళ్లు పారించకండి, పాలిష్ చెడిపోతుంది. లోహపు హీట్‌సింక్‌కు ఇండియం రేకుతో అమర్చండి.